నన్నారి వేరును ఉడకబెట్టకండి, నానబెట్టండి

"నన్నారి షర్బత్ పుట్టింది రాయలసీమలోనేనా? వేర్లు తెచ్చి ఇంట్లో కాస్తే బండి మీద రుచి ఎందుకు రాదు?" అని అడిగారు. మాది కడప. రెండో ప్రశ్నకు జవాబు నేను కిలో చక్కెర తగలేసి నేర్చుకున్నాను కాబట్టి ముందు అదే చెప్తాను.

హైదరాబాదులో కాపురం పెట్టిన మొదటి ఎండాకాలం ఊరి నుంచి వేర్లు తెచ్చుకుని, కషాయం కాచినట్టు గంటసేపు మరిగించాను. ఇల్లంతా ఘుమఘుమ. పక్క ఫ్లాట్ ఆవిడ వచ్చి ఏం వండుతున్నారని కూడా అడిగింది. తీరా చల్లారాక రుచి చూస్తే తీపి, అడుగున కాస్త వగరు, అంతే. ఫోన్లో మా అవ్వకు చెప్తే ఒకటే నవ్వు. "ఉడకబెట్టినావా? ఇంగ వాసన ఇంట్లో ఉంటాది గానీ సీసాలో యాడ ఉంటాది!"

అవ్వ మాటే కెమిస్ట్రీ కూడా చెప్తుంది. నన్నారి వాసనకు మూలమైన పదార్థం, వెనిల్లాకు ఆ వాసననిచ్చే వెనిలిన్‌కు దాయాది లాంటిది. రెండింటిలో ఉన్న పరమాణువులు అవే, వాటి లెక్కా అదే, అమరిక మాత్రమే వేరు. ఆవిరితో పాటు ఎగిరిపోవడం దాని గుణం. అందుకే మూత లేకుండా ఎంతసేపు కాస్తే అంత నష్టం.

ఇప్పుడు మా ఇంట్లో చేసే పద్ధతి ఇది. వంద గ్రాముల వేర్లు మట్టి పోయేదాకా కడిగి ఆరబెట్టి, రోకలితో కచ్చాపచ్చాగా దంచాలి. లోపల తెల్లగా పుల్లలాంటిది బయటపడుతుంది. అందులో సారం తక్కువ, తీసి పారేయండి. వాసనంతా పై తొక్కదే. లీటరు నీళ్లు మరిగించి, స్టవ్ ఆపేశాకే తొక్కలు వేసి, గట్టిగా మూత పెట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున పలుచని బట్టలో వడగడితే లేత టీ రంగు నీళ్లు వస్తాయి. షాపు సిరప్ అంత నల్లగా లేదని కంగారు పడకండి, ఆ నలుపు చాలావరకు కలిపిన రంగే. ఈ నీళ్లు సగం పక్కన పెట్టి, మిగతా సగంలో కిలోంబావు చక్కెర, ఒక నిమ్మకాయ రసం వేసి ముదురు పాకం పట్టండి. దించి, గోరువెచ్చగా అయ్యాక పక్కన పెట్టిన నీళ్లు కలపండి. పాకంతో పాటు నిమ్మరసం మరిగితే చక్కెర అంత తేలిగ్గా గడ్డకట్టదు. తీపి తగ్గిద్దామని ఒకసారి చక్కెర సగానికి తగ్గించాను. వారానికే సీసా పులిసి మూత ఎగిరి అటక మీద పడింది. తక్కువ చక్కెరతో చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాల్సిందే.

ఇక పుట్టుక సంగతి. నన్నారి తమిళం నుంచి వచ్చిన పేరు, తెలుగులో సుగంధిపాల. షర్బత్ అరబ్బీ నుంచి, "తాగడం" అనే మాట నుంచి పుట్టింది. ఆయుర్వేదంలో ఇదే శారిబ. ఇంగ్లీషువాళ్లు 1864లో తమ ఔషధ గ్రంథం బ్రిటిష్ ఫార్మకోపియాలోనూ దీన్ని చేర్చారు. కాబట్టి ఇది మా ఒక్కరి సొత్తని నేను అనలేను. మదురైలో అమ్మే చల్లటి పాల పానీయం జిగర్‌తండాలో పడేదీ ఈ నన్నారి సిరప్పే. కానీ కడప, కర్నూలు, అనంతపురం ఎండలకు ఇది అతికినట్టు మరేదీ అతకలేదు.

ఒక చిక్కు ఉంది. నన్నారి పేరుతో రెండు వేర్లు అమ్ముతారు. సన్నటి తీగ వేరు సుగంధిపాల. వేలంత లావుగా ఉండేది మారేడు గడ్డ, కొందరు బర్రె సుగంధి అంటారు. వాసన రెంటికీ దాదాపు ఒకటే. రెండోదాన్ని నల్లమల, శేషాచలం అడవుల్లో వేర్లతో సహా తవ్వి తవ్వి అంతరించే దశకు తెచ్చారు. అందుకని నేను సన్న వేర్లే అడుగుతాను. ఎండుది కొనేటప్పుడు తుంచి చూడండి. వెంటనే వాసన రాకపోతే పాత సరుకు.

గ్లాసులో కలపడం మా ఏడు రోడ్ల దగ్గర బండి భాయ్‌ని చూసి నేర్చుకున్నాను. తడిగుడ్డ కింద నుంచి నిమ్మకాయ తీసి అర చెక్క పిండుతాడు, చిటికెడు ఉప్పు, నానిన సబ్జా ఒక గరిట, మూడు చెంచాల సిరప్, ఐసు. చివర్లో గోలీ సోడా బుడ్డి మూతి మీద బొటనవేలితో ఒక్క నొక్కు. టప్! గ్లాసు అంచు వెంట నురగ పైకి పొంగుతుండగానే చేతికిస్తాడు. చెంచాతో అస్సలు తిప్పడు. ఎందుకు భాయ్ అంటే, "తిప్పితే గ్యాస్ పోతాది అక్కా, నువ్వు తాగేటప్పుడు అదే కలుస్తాది" అన్నాడు. ఆ బుడ్డిని కనిపెట్టింది హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఆయన, 1872లో పేటెంట్ తీసుకున్నాడు. ఇంట్లో గోలీ సోడా లేకపోతే మామూలు సోడా చాలు, బాగా చల్లగా ఉండాలి.

మా తమ్ముడు బెంగళూరులో దీన్నే జిన్‌లో కలిపి ఇస్తే తాగానని, అది నన్నారి కాక్‌టెయిల్ అని ఫొటో పెట్టాడు. బిల్లు చూస్తే మా భాయ్ దగ్గర వీధి వీధంతా తాగొచ్చు. రుచి ఎట్లుందిరా అంటే, "నిమ్మకాయ తక్కువైంది అక్కా" అన్నాడు.