"వైకింగ్" అన్న మాట ఎక్కడిది? స్కాండినేవియా (స్వీడన్, నార్వే, డెన్మార్క్ సీమ) అన్న పేరుకీ సంస్కృతానికీ నిజంగా చుట్టరికం ఉందా?

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను, నన్ను ఎక్కువ విసిగించేది అదే కాబట్టి. "స్కాండినేవియా అంటే స్కందనాభి" అని వాట్సాప్‌లో తిరిగే కథ ఉత్తిది. ఆ పేరులో చివరి ముక్కకి దీవి అని అర్థం. మొదటి ముక్క దక్షిణ స్వీడన్‌లోని స్కోనె ప్రాంతం పేరుకి చుట్టం. పాపం కుమారస్వామికి ఇందులో ఏ ప్రమేయమూ లేదు.

ఇక "వైకింగ్", అంటే వెయ్యేళ్ళ కిందట ఈ దేశాల నుంచి పడవల్లో వర్తకానికీ దోపిడీకీ బయల్దేరినవాళ్ళు. వాళ్ళు మాట్లాడిన పాత నార్స్ భాషలో "వీక్" అంటే సముద్రపు పాయ, అందులోంచి వచ్చిందని కొందరంటారు. ఓస్లో దగ్గరి "వీకెన్" సీమ పేరునుంచి అని మరికొందరు. తెడ్డు వేసేవాళ్ళు వంతులు మారే దూరాన్ని "విక" అనేవారు, దాన్నుంచి అని ఇంకొందరు. నా ఓటు మూడోదానికి. రోజంతా తెడ్డు వేసేవాడికి తన వంతు ఎప్పుడవుతుందా అన్న ధ్యాస తప్ప ఇంకేముంటుంది? పండితులు ఒప్పుకోకపోతే వాళ్ళిష్టం.

నన్నడిగితే, మాట ఎక్కడిదో తెలుసుకోవాలంటే అది ఏ సంతలో చెల్లిందో ముందు చూడాలి. నేనుండేది స్టాక్‌హోమ్‌లో. ఒక వేసవిలో తెనాలి నుంచి మా బాబాయ్ వచ్చారు. ఆయన జీవితమంతా బంగారం కొట్టులోనే గడిచింది. ఆయన్ని సిటీ హాల్ దగ్గర పడవెక్కించి, మేలారెన్ సరస్సులో ఉన్న బిర్కాకి తీసుకెళ్ళాను. 8వ శతాబ్దం నడుమ పుట్టి, 975 ప్రాంతంలో ఖాళీ అయిపోయిన వర్తక పట్నం అది. దిగగానే "ఊరేదిరా?" అన్నారు. నిజమే, కంటికి కనిపించేవి గడ్డి, గొర్రెలు, సమాధుల దిబ్బలు. ఊరున్న చోట మాత్రం మట్టి నల్లగా ఉంటుంది. తరాల తరబడి పొయ్యిల బొగ్గూ చెత్తా కలిసి అలా అయింది. అక్కడివాళ్ళు దాన్ని నల్లనేల అనే అంటారు.

గైడ్ ఒక మడత త్రాసు నమూనా తీసి చూపించింది. నాణెం మీద ఏ రాజు పేరుందన్నది వైకింగులకి పట్టేది కాదు, వెండి బరువే లెక్క. అరబ్బు దేశాల దిర్హములైనా, చేతి కడియాలైనా ముక్కలుగా నరికి తూచేవారు. మేలిమి వెండేనా కాదా అని కత్తితో గాటు పెట్టి చూసేవారు. అప్పటిదాకా ఎండకి విసుక్కుంటున్న బాబాయ్ జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, "తరుగెంత తీసేవాళ్ళో అడగరా" అన్నారు. తరుగుని ఇంగ్లిష్‌లో ఏమనాలో నేను వెతుక్కునేలోపు ఆయనే త్రాసు అందుకున్నారు. గురివింద గింజలతో తూచిన చెయ్యి కదా, రెండు వేళ్ళతో ఎత్తి, ముల్లు చూసి, "వీళ్ళు మనవాళ్ళేరా" అని తీర్పిచ్చేశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు చరిత్ర మ్యూజియంలో చిన్న కంచు బుద్ధుణ్ణి చూశారు. అదే సరస్సులో హెల్‌యో అనే ఇంకో దీవిలో, 1950లలో తవ్వకాల్లో దొరికిన బొమ్మ. 6వ శతాబ్దం ప్రాంతంలో స్వాత్ లోయ (ఇప్పటి పాకిస్తాన్‌లో ఉంది) వైపు పోతపోసింది. "చూశావా, స్కందనాభే!" అంటూ అక్కడికక్కడే మా కుటుంబం గ్రూపులో ఫొటో పెట్టేశారు. "బాబాయ్, అదే దీవిలో ఐర్లాండ్ బిషప్పు చేతికర్ర తల, ఈజిప్టు గరిటె కూడా దొరికాయి, మరి వాళ్ళేమనాలి?" అంటే వినరే! బొమ్మ చేతులు మారుతూ సరుకుగా వచ్చింది. భాష దాని వెనకాల రాలేదు.

చెవిని నమ్మితే ఏమవుతుందో చెప్తాను. ఇక్కడ లిన్‌షోపింగ్, నోర్‌షోపింగ్, యోన్‌షోపింగ్ అని ఊళ్ళున్నాయి. (మన కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి చదువుకుని కూడా "లింకోపింగ్" అంటారు, అది వేరే బాధ.) "షోపింగ్" అంటే సంత ఊరు. వినగానే షాపింగ్‌కి అన్నదమ్ముడే అనిపిస్తుంది, అర్థమూ కలిసింది. అయినా చుట్టరికం సున్నా. షాపు అన్నది పాక లాంటి కొట్టుకి పాత జర్మానిక్ మాట. "షోపింగ్" మాత్రం "కౌప్", అంటే బేరం, నుంచి వచ్చింది. దాని మూలం లాటిన్‌లో చిల్లర వర్తకుణ్ణి పిలిచే మాట. కోపెన్‌హాగన్‌లోని "కోపెన్", నార్వేలో 800 ప్రాంతంలో వెలసిన కౌపంగ్ రేవు, చివరికి ఇంగ్లిష్‌లో "చీప్" కూడా ఆ ఇంటివే. పోలిక లేనివేమో తోబుట్టువులు, అచ్చు గుద్దినట్టున్నవేమో పరాయివి.

ఇంకొకటి. బిర్కాలో సంతతోపాటు సభ కూడా ఉండేది. దాన్ని "థింగ్" అనేవారు, ఇంగ్లిష్ "థింగ్" అదే మాట. 850 దాటాక ఆన్స్‌గార్ అనే క్రైస్తవ మతప్రచారకుడు రెండోసారి వచ్చినప్పుడు, అక్కడి ఓలోఫ్ రాజు ప్రచారానికి తనంతట తాను అనుమతి ఇవ్వలేక సభనడిగాడని ఆన్స్‌గార్ శిష్యుడు రింబెర్ట్ రాశాడు. ఐస్‌లాండ్‌లో 930లో మొదలైన సభలో ఒకాయన ఏటా చట్టంలో మూడో వంతు నోటితో అప్పజెప్పేవాడు. వీళ్ళని సినిమాల్లో గొడ్డళ్ళూ కొమ్ముల టోపీలతో మాత్రమే చూపిస్తారు. ఆ టోపీలకి అంత పేరొచ్చింది 1876లో జర్మనీలో ఆడిన వాగ్నర్ సంగీత నాటకాల దుస్తుల వల్ల!

వెళ్ళాలనుకునేవాళ్ళు వేసవిలోనే వెళ్ళండి, మిగతా కాలంలో ఆ పడవ నడవదు. దీవిలో తిండి ఖరీదు, పులిహోర కట్టుకెళ్ళండి.