న్యాయ సలహా: వెనక ఇంటికి దారి ఎవరిది?

ప్రశ్న: ముందు భాగం తన వద్దే ఉంచుకుని, వెనక స్థలాన్ని దాని యజమాని 1998లో మా నాన్నగారికి అమ్మారు. మేము రోడ్డు మీదికి రావాలంటే వారి ఇంటి పక్కనున్న పది అడుగుల సందు తప్ప వేరే దారి లేదు. ‘వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు’ అని ఆ పెద్దాయన అప్పట్లో అన్నారు. ఆయన పోయాక కుమారులు సందు మొదట్లో గేటు పెట్టి తాళం వేశారు, కారు అడ్డంగా నిలుపుతున్నారు. తమ తండ్రి దయతో ఇచ్చిన అనుమతే గానీ మాకు హక్కేమీ లేదని, నడిచి వెళ్లడానికైతే అడిగినప్పుడు తాళం తీస్తామని అంటున్నారు. ఇరవై ఏళ్లు దాటితే దారి మాదే అవుతుందని తెలిసినవారు చెబుతున్నారు. తాళం పగలగొట్టవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: తాళం జోలికి వెళ్లకండి. దారి హక్కు నిస్సందేహంగా ఉన్నవారు సైతం అడ్డంకిని స్వయంగా తొలగించుకోరాదని భారత ఈజ్‌మెంట్ల చట్టం, 1882 (ఈజ్‌మెంట్ అంటే దారి వంటి అవసరానికి ఇతరుల స్థలాన్ని వాడుకునే హక్కు)లోని 36వ సెక్షను చెబుతోంది. పగిలిన తాళం ఫొటో పట్టుకుని అవతలివారు పోలీసు స్టేషనుకు వెళితే, దారి తగాదా కాస్తా క్రిమినల్ కేసుగా మారుతుంది.

ఇక ఇరవై ఏళ్ల మాట. అదే మీ బలమని మీరు అనుకుంటున్నారు గానీ, మీ ఉత్తరం చదివాక నాకు అలా అనిపించలేదు. 15వ సెక్షను కింద హక్కు రావాలంటే ఇరవై ఏళ్లపాటు శాంతియుతంగా, బహిరంగంగా, అంతరాయం లేకుండా, అన్నిటికీ మించి హక్కుదారుగా ఆ దారిని వాడి ఉండాలి. యజమాని ‘వాడుకోండి’ అన్నందువల్ల వాడుకోవడం అనుమతి కిందికి వస్తుంది, అది ఎన్నేళ్లు సాగినా హక్కుగా మారదు. పెద్దాయన మంచితనాన్ని దావాలో వివరంగా రాసుకుంటే అవతలి లాయరు పని మీరే చేసిపెట్టినట్టవుతుంది.

మీకు అసలైన ఆధారం 13వ సెక్షనులో ఉంది. ఒకరి స్థలంలో కొంత భాగాన్ని కొన్నప్పుడు, దాన్ని అనుభవించడానికి అమ్మినవారి మిగిలిన స్థలంలోంచి దారి తప్పనిసరి అయితే, దస్తావేజులో ఆ మాట లేకపోయినా కొన్నవారికి ఆ హక్కు సంక్రమిస్తుంది. దీనికి ఇరవై ఏళ్ల గడువుతో పని లేదు, పెద్దాయన వారసులకూ ఇది వర్తిస్తుంది. అయితే అవసరం అంటే నిజంగా వేరే మార్గం లేకపోవడమే, చుట్టూ తిరిగి రావడం కష్టమనే కారణం చాలదు. రేపు మీ వెనకవైపు రోడ్డు పడి అటు దారి ఏర్పడితే, 41వ సెక్షను ప్రకారం ఈ హక్కు ముగుస్తుంది.

అందుకే ముందు మీ దస్తావేజు షెడ్యూలు (స్థలం వివరాలు రాసిన భాగం) తీసి హద్దులు చదవండి. అక్కడ ‘పది అడుగుల ఉమ్మడి దారి’ అని ఉంటే ఆ సందులో మీకూ యాజమాన్యం ఉందని వాదించవచ్చు; సొంత స్థలం మీద ఎవరికీ ఈజ్‌మెంట్ ఉండదు కనుక అప్పుడు దావా రాసే తీరే మారుతుంది. ‘రాకపోకల హక్కు సహా’ అని ఉంటే అది అమ్మకంతోనే ఇచ్చిన హక్కు, అనుమతి అనే వాదనకు చోటుండదు. ‘విక్రేత ఖాళీ స్థలం’ అని మాత్రమే ఉంటే 13వ సెక్షనే దిక్కు. లింకు దస్తావేజుల (ఆ స్థలానికి అంతకుముందున్న దస్తావేజుల) నకళ్లు కూడా తీసుకుని, సందు వెడల్పు ఎవరి కొలతల్లో కలిసిందో లెక్క కట్టండి.

ఆ సందులో మీరు వాహనం తీసుకెళ్లే విషయంలో మాత్రం, నడవడానికైతేనే తాళం తీస్తామన్న అవతలివారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. ఒక రకమైన దారి హక్కులో మరో రకం ఇమడదని 28వ సెక్షను అంటోంది, తప్పనిసరి అవసరం వల్ల వచ్చిన హక్కు పరిధి కూడా అమ్మకం నాటి అవసరానికే పరిమితం. అప్పట్లో ఆ సందులో బండ్లు తిరిగాయని చూపే పాత ఫొటోలు, మీ ఇల్లు కట్టినప్పుడు ఇటుకలు, ఇసుక తెచ్చిన ట్రాక్టరు అటే వచ్చిందని చెప్పగల సాక్షులు ఇక్కడ అక్కరకొస్తారు. సందు వారిదే అయినా, మీ హక్కుకు భంగం కలగనంతవరకే దాన్ని వాడుకోవచ్చు. కాబట్టి గేటు ఉండటం దానంతట అదే తప్పు కాదు, మీకు తాళంచెవి ఇవ్వకపోవడం, కారు అడ్డంగా పెట్టడం తప్పు. దారి మరమ్మతు ఖర్చు మాత్రం 25వ సెక్షను ప్రకారం మీదే.

ఆలస్యం చేయకుండా లాయరు నోటీసు ఇప్పించి, ఫలితం లేకపోతే శాశ్వత ఇంజంక్షన్ (దారికి అడ్డు పెట్టరాదన్న కోర్టు ఉత్తర్వు) కోసం దావా వేసి, దానితోపాటే తాత్కాలిక ఇంజంక్షన్, స్థల పరిశీలనకు అడ్వకేట్ కమిషనర్ (కోర్టు తరఫున స్థలం చూసి నివేదిక ఇచ్చే లాయరు) నియామకం కోరండి. అడ్డంకి గురించి తెలిసీ ఏడాదిపాటు ఊరుకుంటే, 15వ సెక్షను దృష్టిలో అది అంతరాయంగా లెక్కకు వస్తుంది.

ఇరుగుపొరుగు కనుక రాజీకి కూడా ప్రయత్నించవచ్చు. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లే వీలుంది, అక్కడ రాజీ కుదిరాక ఇచ్చే అవార్డు (తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. విడిగా ఒప్పందం చేసుకునేట్లయితే సందు వెడల్పు, అందులో వెళ్లగల వాహనాలు, తాళంచెవులు, వాహనాలు నిలపకూడదన్న నిబంధన, మరమ్మతు ఖర్చు పంచుకునే తీరు రాసి, కొలతలు వేసిన ప్లాను జతచేసి రిజిస్టరు చేయించండి.