మలేరియా తగ్గి మళ్లీ వచ్చింది.. లివర్‌ స్కాన్‌ చేయించాలా?

ప్రశ్న: నా వయసు 34. పాడేరులో ఉద్యోగం. జూన్‌లో వైవాక్స్‌ మలేరియా వచ్చి, మందులతో తగ్గింది. సెప్టెంబరులో మళ్లీ అదే. క్రిమి లివర్‌లో దాక్కుందని డాక్టరు అన్నారు. లివర్‌లో అది ఉండేది రెండు రోజులేనని నెట్‌లో చదివాను. ఏది నిజం? స్కాన్‌ చేయించుకోవాలా? టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకుడు

జవాబు: మీ డాక్టరు చెప్పిందే నిజం. మీరు చదివిన రెండు రోజుల లెక్కా తప్పు కాదు, కాకపోతే అది ఎలుకలది. పరిశోధనల్లో ఎక్కువగా వాడే ప్లాస్మోడియం బెర్గీ ఆఫ్రికా అడవి ఎలుకల్లో ఉండే రకం. ఎలుక లివర్‌ కణంలో దాదాపు 48 గంటల్లోనే వేలకొద్దీ కొత్త క్రిములుగా మారి రక్తంలోకి వచ్చేస్తుంది. మనిషిలో ఇదే పనికి ఫాల్సిపారం అనే మరో మలేరియా రకానికి ఆరేడు రోజులు, వైవాక్స్‌కు ఎనిమిది రోజులు పడుతుంది. పైగా వైవాక్స్‌ మామూలు ఎలుక లివర్‌లో సరిగా పెరగదు. అందుకే దాని మీద పరిశోధనకు మనిషి లివర్‌ కణాలు అమర్చిన ఎలుకల్ని వాడతారు.

వైవాక్స్‌తో అసలు తలనొప్పి వేరే ఉంది. లివర్‌కు చేరిన క్రిముల్లో కొన్ని పెరగకుండా నిద్రలో ఉండిపోతాయి. వీటిని హిప్నోజోయిట్లు అంటాం. వారాలకో, నెలలకో లేచి మళ్లీ జ్వరం తెస్తాయి. ఎలుకల మలేరియాలో ఈ నిద్ర దశ కనిపించదు. కోతుల్లో వచ్చే సైనోమోల్గీలో ఉంది, 1980ల్లో ఈ క్రిముల్ని మొదట గుర్తించింది కోతి లివర్‌లోనే. మలేసియాలో కోతుల నుంచి మనుషులకు సోకుతున్న నోలెసీలో మాత్రం లేదు. కాబట్టి నెట్‌లో ఏది చదివినా, అది ఏ జాతి క్రిమి, ఏ జంతువు లివర్‌ అన్నది ముందు చూడండి.

స్కాన్‌కు డబ్బు దండగ. నిద్రలో ఉన్న క్రిములు స్కాన్‌లోనూ, లివర్‌ పనితీరు చూసే ఎల్‌ఎఫ్‌టీలోనూ, రక్తపరీక్షలోనూ కనిపించవు.

నేను అడగాల్సింది ఒకటే: జూన్‌లో, లివర్‌లో నిద్రపోయే క్రిముల్ని చంపే ప్రైమాక్విన్‌ మాత్రలు 14 రోజులూ వేసుకున్నారా? మూడు రోజుల క్లోరోక్విన్‌తో జ్వరం తగ్గగానే చాలామంది మిగతా మాత్రలు పక్కన పడేస్తారు. క్లోరోక్విన్‌ రక్తంలోని క్రిముల్నే చంపుతుంది, లివర్‌లో నిద్రపోయేవాటి జోలికి పోదు. ప్రైమాక్విన్‌కు ముందు జీ6పీడీ పరీక్ష చేయించుకోండి. ఆ ఎంజైమ్‌ లోపం ఉంటే ఈ మందుతో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. వాడుతుండగా మూత్రం నల్లగా వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్ర ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులకు ఇది ఇవ్వం.

14 రోజులూ వాడినా తిరగబెట్టిందంటే, బరువుకు తగ్గ మోతాదు అందకపోయి ఉండొచ్చు. లేదా కొత్తగా దోమ కుట్టి ఉండొచ్చు, ఏజెన్సీలో అదేమీ వింత కాదు. పాత చీటీ తీసుకెళ్లి, మీ బరువు చూయించుకుని పీహెచ్‌సీ డాక్టరుతో మాట్లాడండి.