మానోవా వాగులో దిగే ముందు

సందేహం: మా వారికి హవాయి విశ్వవిద్యాలయంలో పరిశోధన ఉద్యోగం రావడంతో మేము హొనొలులు చేరి నాలుగు నెలలైంది. ఆయన హెచ్-1బి ఉద్యోగ వీసా మీద, నేను ఆయన భార్యగా హెచ్-4 వీసా మీద ఉన్నాము. పిల్లవాడి బడిలో పరిచయమైనవారు నెలకొక శనివారం మానోవా వాగును శుభ్రం చేస్తామని చెప్పి మమ్మల్ని కూడా రమ్మన్నారు. వీసా మీద ఉన్నవాళ్ళం ఇలాంటి పనికి వెళ్ళవచ్చా? తొమ్మిదేళ్ళ బాబును వెంట తీసుకువెళ్ళడం క్షేమమేనా? అక్కడ మేము ఎలా నడుచుకోవాలి?

సమాధానం: తప్పకుండా వెళ్ళండి. ముందుగా వీసా సంగతి తేల్చి పక్కన పెడదాము. లాభాపేక్ష లేని సంస్థ పిలుపు మీద, ఎవరికీ జీతం ఇవ్వని పనిని, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా చేయడం ఉద్యోగం కిందికి రాదు. మధ్యాహ్నం పెట్టే భోజనం వల్ల చిక్కేమీ లేదు. అయితే అదే సంస్థ మీ పని నచ్చి కొద్దిపాటి భత్యం ఇస్తామన్నా, మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని మీతో ఉచితంగా చేయించుకోబోయినా ఒప్పుకోకండి. ఆ పరిస్థితి వస్తే విశ్వవిద్యాలయంలో విదేశీయుల వ్యవహారాలు చూసే కార్యాలయాన్ని అడిగి ముందుకు వెళ్ళండి. పని మొదలయ్యే ముందు, దెబ్బ తగిలితే బాధ్యత మాదేనని ఒప్పుకుంటూ సంతకం చేయవలసిన కాగితం ఒకటి ఇస్తారు. అది ఇక్కడ అందరూ చేసేదే, భయపడవలసినది కాదు. పిల్లవాడి తరఫున మీరు సంతకం చేయవలసి ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు దిగబోయే వాగు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో తెలుసుకుని దిగితే మీరు చేసే పనికి అర్థం తెలుస్తుంది. మానోవా లోయ తలాపున, లయన్ వృక్షోద్యానం ఉన్న చోట, ఏటా 150 అంగుళాలకు పైగా వాన పడుతుంది. అక్కడికి కొన్ని మైళ్ళ దూరంలోనే, సముద్రతీరాన ఉన్న వైకీకీలో పడేది 25 అంగుళాల లోపే. కొండ మీద కురిసిన ఆ నీరంతా మానోవా, పాలోలో, మకీకీ వాగుల గుండా దిగివచ్చి అలవై కాలువలో కలిసి సముద్రం చేరుతుంది. ఆ కాలువ ప్రకృతి ఇచ్చినది కాదు. ఒకప్పుడు వైకీకీ అంతా చేమ మడులు, వరి పొలాలు, చేపల చెరువులు, బాతుల కుంటలతో నిండిన చిత్తడి నేల. 1921లో తవ్వకం మొదలుపెట్టి 1928 నాటికి రెండు మైళ్ళ కాలువను పూర్తి చేసి, వాగుల నీటిని అందులోకి మళ్ళించి, చిత్తడి నేలను మెరక చేశారు. ఈనాడు మనం ఫొటోలలో చూసే హోటళ్ళు ఆ మెరక మీద నిలిచినవే. మడులలోనూ చెరువులలోనూ ఆగి, ఒండ్రును దింపుకుని, తేటపడి సముద్రానికి చేరవలసిన నీరు ఇప్పుడు దారిలో దొరికినదంతా మోసుకుని తిన్నగా కాలువలో పడుతున్నది.

దీనికి తోడు, మన కొత్తవారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. వీధి అంచున కనిపించే వాననీటి తూములు ఇక్కడి మురుగు గొట్టాలలో కలవవు. శుద్ధి కేంద్రానికీ పోవు. అందులో పడినది ఏదైనా ఉన్నది ఉన్నట్టుగా వాగులోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతుంది. ఇంటి ముందు కారు కడిగిన సబ్బునీళ్ళు, గారెలు వేయించగా మిగిలిన నూనె, బాల్కనీ కడిగిన నీళ్ళు, ఎవరో విసిరిన సిగరెట్ పీక, అన్నిటిదీ అదే దారి. నెలకొక శనివారం వాగులో దిగి మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ తూములో నూనె పోసేవారిని నేను చూశాను. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నేను కూడా అదే పని చేశానని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

2004 అక్టోబరు 30 రాత్రి నేను ఈ లోయలోనే ఉన్నాను. కొండ మీద కుండపోతగా కురిసిన వానకు కొట్టుకు వచ్చిన కొమ్మలు, చెత్త వుడ్‌లాన్ వంతెన కింద అడ్డుపడ్డాయి. దారి మూసుకుపోయిన నీరు గట్టు దాటి ఇళ్ళ మధ్యకు, విశ్వవిద్యాలయం ఆవరణలోకి పారింది. హామిల్టన్ గ్రంథాలయం కింది అంతస్తు మునిగి అందులో దాచిన పటాలు, ప్రభుత్వ పత్రాలు బురదలో నానాయి. ఆ తరువాత నుంచి శ్రమదానంలో ఎవరైనా వాగుకు అడ్డంగా పడిన కొమ్మను నలుగురు కలిసి లాగుతూ ఉంటే, అది కేవలం అందం కోసం చేస్తున్న పని అని నేను అనుకోలేదు.

క్షేమం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పిలిచినవారు అన్నీ చెప్పినా మనవారు వినేది సగమే. హవాయి వాగులు చూపుకు తేటగా ఉంటాయి. కానీ ఎలుకలు, ముంగిసలు, అడవి పందుల మూత్రం ద్వారా నీటిలోకీ బురదలోకీ చేరే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు అమెరికాలో ఎక్కువగా కనిపించే రాష్ట్రాలలో హవాయి ముఖ్యమైనది. అది చర్మం మీది గాయం గుండా, కళ్ళ గుండా, నోటి గుండా ఒంట్లోకి పోతుంది. నేను మొదటిసారి రబ్బరు చెప్పులతో దిగాను. రాయి గీసుకుని మడమ కొద్దిగా తెగితే పట్టించుకోలేదు. పది రోజుల తరువాత చలి జ్వరం, పిక్కలు పట్టుకుపోయే నొప్పులు వచ్చినప్పుడు మామూలు జ్వరమనే అనుకున్నాను. నన్ను పరీక్షించిన డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ‘ఈ మధ్య ఏ వాగులోనైనా దిగారా’ అని. సకాలంలో యాంటీబయాటిక్ మందులు పడ్డాయి కనుక తేలికగా బయటపడ్డాను. కనుక ఒంటి మీద మానని గాయం ఏదైనా ఉంటే ఆ శనివారం నీటిలో దిగకండి, గట్టు మీద సంచులు కట్టే పని అడిగి తీసుకోండి. కాళ్ళకు మూసి ఉన్న బూట్లు, లేదా ఇక్కడి జాలరులు వేసుకునే, అడుగున ఉన్ని అంటించిన తాబీలు వేసుకోండి. చేతులకు మందపాటి గ్లౌజులు ఉండాలి. దిగిన తరువాత నెల రోజుల లోపల జ్వరం వస్తే డాక్టరు అడిగినా అడగకపోయినా వాగు సంగతి మీరే చెప్పండి.

రెండవది వరద. మీ నెత్తిన ఎండ కాస్తూ ఉండగానే పైన కోఓలౌ కొండల మీద వాన పడుతూ ఉండవచ్చు. నీటి రంగు మారినా, ఆకులు పుల్లలు ఒక్కసారిగా కొట్టుకు రావడం మొదలైనా, చప్పుడు పెరిగినా, చేతిలోని సంచిని అక్కడే వదిలి గట్టు ఎక్కాలి. నిండిన సంచిని వదలలేక రెండు నిమిషాలు ఆగడం మనవారి పొదుపు బుద్ధి. అక్కడ అది పనికిరాదు. గట్టి వాన వెలిసిన తరువాత సముద్రతీరంలో నీరు మట్టి రంగులో ఉంటే ఆరోగ్య శాఖ హెచ్చరిక ప్రకటిస్తుంది. అది ఉన్నన్నాళ్ళు తీరం పని పెట్టుకోకూడదు. అలవై కాలువ నీటిని మాత్రం ఏ రోజూ చేతితో తాకకండి. 2006 మార్చిలో వైకీకీలో పెద్ద మురుగు గొట్టం పగిలినప్పుడు 4.8 కోట్ల గ్యాలన్ల మురుగును అందులోకే వదలవలసి వచ్చింది. ఆ మాట ఇక్కడివారు ఇప్పటికీ తలుచుకుంటారు.

బాబు విషయం. తొమ్మిదేళ్ళవాడిని నిరభ్యంతరంగా తీసుకువెళ్ళండి, కానీ నీటిలో దించకండి. ఏరిన చెత్తను లెక్కపెట్టి రాసే పని వాడికి ఇప్పించండి. పిల్లలు ఆ పనిని పెద్దలకన్నా శ్రద్ధగా చేస్తారు. సూదులు, గ్యాస్ సిలిండర్లు, ఏమిటో తెలియని లోహపు వస్తువులు కనిపిస్తే ముట్టుకోకుండా పెద్దలను పిలవాలని ముందే చెప్పి ఉంచండి. ఇది సైన్యం చాలాకాలంగా ఉంటున్న ద్వీపమని మరువకండి. ఇసుకలోనో గట్టు మట్టిలోనో ఎముక కనిపిస్తే పని అక్కడితో ఆపి నాయకుడికి చెప్పాలి. పూర్వీకుల అస్థికలను ఇక్కడివారు అతి పవిత్రంగా చూస్తారు, చట్టం కూడా వాటిని కాపాడుతుంది. వంతెనల కింద టార్పాలిన్ కప్పిన మూటలు కనిపిస్తే అవి చెత్త అనుకోకండి. అది ఎవరిదో ఇల్లు అయి ఉండవచ్చు.

ఎలా నడుచుకోవాలని అడిగారు. పని మొదలయ్యే ముందు చాలా చోట్ల అందరూ గుండ్రంగా నిలబడి, ఓలి అనే పాటతో ఆ చోటుకు వచ్చేందుకు అనుమతి కోరుతారు. మీకు పాట రాకపోతే మౌనంగా నిలబడితే చాలు. తరువాత ఒక్కొక్కరు తమ పేరు, ఊరు చెబుతారు. అప్పుడు ఉద్యోగం పేరు కాకుండా, మీరు పుట్టిన చోటి ఏటి పేరు చెప్పండి. హవాయి భాషలో మంచినీటిని ‘వై’ అంటారు, ఆ మాటనే రెండుసార్లు పలికితే ‘వైవై’, అంటే సంపద. గోదావరి గట్టు నుంచి వచ్చామనో మూసీ ఒడ్డున పెరిగామనో చెప్పినప్పుడు వినేవారి ముఖాలలో వచ్చే మార్పు మీరే చూస్తారు. మరొక మాట కూడా తరచుగా వినిపిస్తుంది, ‘కులెయానా’. హక్కు, బాధ్యత రెండింటికీ అదొకటే మాట. తెలుగులో మనం రెండు మాటలు వాడతాము కనుక ఒకటి పుచ్చుకుని రెండవది మరిచిపోవడానికి వీలవుతున్నదేమో.

కొండ శిఖరం నుంచి పగడపు దిబ్బల దాకా ఒకే పాలనలో ఉండే భూభాగాన్ని పూర్వం అహుపువాఆ అనేవారు. మన గొలుసుకట్టు చెరువులలో పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు పోయినట్టే, ఇక్కడ వాగు నీరు పిల్లకాలువ ద్వారా చేమ మడిలోకి వచ్చి, మడి నుంచి మడికి దిగి, తిరిగి వాగులో కలిసేది. మీ వారి విశ్వవిద్యాలయం ఆవరణలోనే, మానోవా వాగు పక్కన, కానెవై చేమ మడులను విద్యార్థులు పునరుద్ధరించారు. అక్కడి ‘కాలో’ మనం పులుసు పెట్టుకునే చేమే. అయితే హవాయివారికి అది కూర మాత్రమే కాదు, తమ జాతికి ముందు పుట్టిన అన్నగారు. మడిలో దిగినప్పుడు మొక్కను తొక్కకుండా నడవడం ఆ అన్నగారికి ఇచ్చే మర్యాద.

నాలుగైదు నెలలు వాగు పని అలవాటైన తరువాత, కొండకు అవతలి వైపు హెఎయియా చేపల చెరువు దగ్గరకు కూడా ఒకసారి వెళ్ళి రండి. దాదాపు 800 ఏళ్ళ క్రితం సముద్రంలోకి రాతిగోడ కట్టి, 88 ఎకరాల నీటిని చుట్టి చేసిన చెరువు అది. ‘మాకాహా’ అనే తూము కర్రల సందుల గుండా చేపపిల్లలు లోపలికి వస్తాయి, ఎదిగిన చేపలు బయటకు పోలేవు. 1965 వరదలో తెగిన గోడను వేలమంది చేతులు మోసిన రాళ్ళతో 2015లో పూడ్చగలిగారు. అక్కడ మీకు చెప్పే పని బహుశా మడ చెట్లను నరకడం కావచ్చు. కాకినాడ పక్కన కోరింగ మడ అడవిని చూసిన నాకు మొదటి రోజు కత్తి పట్టుకోవడానికి చేయి రాలేదు. తుఫాను నుంచి ఊళ్ళను కాపాడే చెట్టును నరకడమేమిటని నాయకుడితో వాదించాను కూడా. ఆయన ఓపికగా విని అసలు సంగతి చెప్పాడు. మడ చెట్టు ఈ ద్వీపాలలో పుట్టినది కాదు. ఒడ్డు బురదను నిలబెట్టడానికి 1902లో మొలకాయి ద్వీపానికి తెచ్చి నాటారు. ఇక్కడ దానికి శత్రువులు లేవు. వేళ్ళు రాతిగోడల సందులలోకి దూరి గోడను విడదీస్తాయి, తూములను మూసేస్తాయి. కోరింగలో కాపాడవలసినదే ఇక్కడ పెకలించవలసినది. కొత్తగా వచ్చినవారు మొదటి ఏడాది సలహాలు తగ్గించుకుని చేతులు కదిలించడం మంచిదని నేను ఆ గోడ మీద నేర్చుకున్నాను.

తీరం పని గురించి రెండు మాటలు చాలు. ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలకు ఎదురుగా ఉన్న కైలువా, వైమానాలో వంటి తీరాలకు పసిఫిక్ నలుమూలల నుంచి ప్లాస్టిక్ కొట్టుకు వస్తుంది. పెద్ద ముక్కలు చేతితో ఏరవచ్చు, బియ్యపు గింజంత ముక్కలకు జల్లెడ పట్టాలి. ఒడ్డున పడుకున్న మాంక్ సీల్ అనే సముద్ర జంతువు కనిపిస్తే 50 అడుగులు, తాబేలు కనిపిస్తే 10 అడుగుల దూరం పాటించండి, వాటి పక్కన చెత్త ఉన్నా వదిలేయండి. దక్షిణ తీరాలకు పున్నమి వెళ్ళిన 8 నుంచి 10 రోజుల మధ్య ఒంటిని కుట్టే బాక్స్ జెల్లీచేపలు వస్తాయి. ఇంట్లో పంచాంగం ఉన్నవారికి ఇది గుర్తుంచుకోవడం తేలిక: బహుళ అష్టమి నుంచి దశమి దాకా వైకీకీ, అలమొవానా నీటిలో దిగవద్దు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న ఎండ క్రీములు పగడాలకు హాని చేస్తాయని 2021 జనవరి నుంచి ఈ రాష్ట్రంలో వాటిని అమ్మడం లేదు. ఊరి నుంచి తెచ్చుకున్న డబ్బా ఉంటే దాని మీద ఏమి రాసి ఉన్నదో చూసుకోండి.

మీరు అడగకపోయినా, వినాయక చవితి దగ్గర పడితే ఎలాగూ అడుగుతారు కనుక ఇప్పుడే చెబుతున్నాను. ప్రతిమనుగాని పత్రినిగాని వాగులోనో కాలువలోనో సముద్రంలోనో కలపకండి. ప్రతి ఏడాది మే చివరి సోమవారం అలమొవానా తీరంలో వేల దీపాలను నీటిపై వదిలే కార్యక్రమం జరుగుతుంది కదా, మనకేమి అడ్డు అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆ దీపాలన్నిటినీ ఆ రాత్రే పడవల మీద తిరిగి పోగు చేసి ఒడ్డుకు తెస్తారన్న సంగతి అతనికి తెలియదు. రంగు వేయని మట్టితో బొమ్మ చేసుకుని, ఇంట్లో బకెట్టు నీటిలో నిమజ్జనం చేసి, కరిగిన మట్టిని కరివేపాకు కుండీలో పోయండి. మా ఇంట్లో పదిహేనేళ్ళుగా అలాగే చేస్తున్నాము, కుండీ ఇప్పటికి నాలుగుసార్లు మార్చాము.