మేడ మీద సోలార్, వీధిలో లోవోల్టేజీ

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. వేసవిలో రాత్రి ఎనిమిదయ్యేసరికి ఫ్యాను ఐదులో పెట్టినా రెండులో ఉన్నట్టు తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే ఆ రాత్రికి విసనకర్రే గతి. మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెడితే ఇక కరెంటు పోయే మాటే లేదని అమ్మడానికొచ్చిన అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? - ఒక గృహిణి

జవాబు: ఆ అబ్బాయిని ఒక్క మాట అడగండమ్మా, బ్యాటరీ ఉందా అని. బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (పలకల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చి వీధి లైనుకు కలిపే పెట్టె) అయితే లైన్లో కరెంటు పోగానే, ఎండ ఎంత కాస్తున్నా, తనూ ఆగిపోతుంది. లైన్‌మన్ ప్రాణం కోసం అలా చేస్తారు. లైన్‌మన్‌గా నేను 2018లో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానంలో తీగలు సరిచేస్తుంటే, ఎవరింట్లోనో జనరేటర్ కరెంటు వెనక్కొచ్చి నా చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది. అందుకే ఆ ఏర్పాటును నేను తప్పుపట్టను.

ఇక రాత్రి బాధ. 3 కిలోవాట్లకు రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి, అదీ ఎండ ఉన్నప్పుడే. వీధిలో పదిళ్లవాళ్లు పెట్టించుకుంటే మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్‌కు నిజంగానే ఊపిరాడుతుంది. ఎనిమిదింటికి మాత్రం మళ్లీ మామూలే. వోల్టేజీ మరీ పడిపోతే పగలు కూడా ఇన్వర్టర్ ఆగిపోతుంది.

అందుకని ముందు మీ కరెంటాఫీసు సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి వీధివాళ్లంతా సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి. ఇళ్లన్నీ ఒకే ఫేజు (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే మూడు కరెంటు తీగల్లో ఒకటి) మీద ఉన్నాయేమో చూసి, మూడు ఫేజులకూ పంచమనండి. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరును దగ్గర్లో ఉన్న ఫేజుకే తగిలించేసి వచ్చేవాళ్లం, నేనూ అదే చేశాను లెండి. అప్పటికీ చాలకపోతే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడగండి.

సోలార్ వద్దనడం లేదు, బిల్లు తగ్గుతుంది. కేంద్ర ప్రభుత్వ సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. రాత్రికీ కావాలంటే లైనుతోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్‌ను బ్యాటరీతో సహా తీసుకోండి, ఖర్చు బాగా పెరుగుతుంది. లేదంటే మోటారు, ఇస్త్రీ, గ్రైండరు పగలే కానిచ్చేయండి. మా ఇంటావిడ ఇప్పుడు పదకొండింటికే పిండి రుబ్బుతోంది. సాయంత్రానికే పులిసిపోతోందని తిట్లు మాత్రం నాకే.

ఇంకొకటి, పలకల మీద కొబ్బరిచెట్టు నీడ పడుతుందేమో పదింటికోసారి, మూడింటికోసారి మేడెక్కి చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.