కప్పెడు ఎంత? సోలెడు ఎంత?

ప్రశ్న: నమస్కారమండీ. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ఫోనులో కేకు కొలతలు చెప్పింది. మైదా 250 గ్రాములు, చక్కెర 200 గ్రాములు, రెండు గుడ్లు, కప్పు పాలు, అర కప్పు నూనె. మైదా, చక్కెర కాటాతో తూచాను. పాలు, నూనె మాత్రం మంచినీళ్ళ స్టీలు గ్లాసుతో పోశాను. పిండి దోసెల పిండిలా జారింది, కేకు నడుమ గుంట పడింది. అసలు కప్పంటే ఎన్ని మిల్లీలీటర్లు? ఇంకో సందేహం. మా అత్తగారి పుస్తకంలో పాలతాలికలకు ‘సోలెడు బియ్యప్పిండి, తవ్వెడు పాలు, గిద్దెడు నెయ్యి’ అని ఉంది. వీటిని ఇప్పుడు ఎలా కొలవాలి?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నేరమంతా ఆ గ్లాసుదేనమ్మా. అమెరికా కప్పు సుమారు 240 మి.లీ. మీ ఉత్తరం చదివాక మా ఇంటి మంచినీళ్ళ గ్లాసును కాటా మీద పెట్టి అంచుదాకా నీళ్ళు నింపాను. గ్లాసు బరువు పోను 310 గ్రాములు. మిల్లీలీటరు నీళ్ళు గ్రాము తూగుతాయి కాబట్టి అది 310 మి.లీ. మీ గ్లాసూ అంతే అయితే పాలు 70, నూనె 35, వెరసి 105 మి.లీ. ఎక్కువ పడ్డాయి. అంటే ఏడు టేబుల్ స్పూన్లు! గుంట పడక ఏం చేస్తుంది?

మైదా కూడా ఆ గ్లాసుతోనే కొలిచి ఉంటే ఇంత తేడా వచ్చేది కాదు. సగం కాటాతో, సగం గ్లాసుతో కొలవడం వల్లే చిక్కు. మీ గ్లాసు సంగతి తేల్చడానికి కాటా కూడా అక్కర్లేదు. అర లీటరు పాల ప్యాకెట్ కత్తిరించి పోసి చూడండి. సరిగ్గా రెండు గ్లాసులు నిండితే అది 250 మి.లీ. గ్లాసు. నూనెను మాత్రం తూచి మిల్లీలీటర్లు అనుకోకండి. నూనె నీటికంటే తేలిక, లీటరు 910 గ్రాముల దగ్గరే ఉంటుంది.

బేగంబజారులో నేను కొన్న కొలత కప్పు అడుగున 250 అని ఉంది. ఆస్ట్రేలియా కప్పు కూడా అంతే. ఆ పది మిల్లీలీటర్లు రెండు టీ స్పూన్లు, కేకుకు పట్టింపు లేదు. టీ స్పూను 5, టేబుల్ స్పూను 15 మి.లీ. ఆస్ట్రేలియాలో మాత్రం టేబుల్ స్పూను 20. ఇంట్లో దగ్గు మందు సీసా మీది గీతల మూత ఉంటే కడిగి దాచుకోండి. దానితో మూడుసార్లు 5 పోస్తే టేబుల్ స్పూను. మన వంటింటి చెంచాలు ఏ రెండూ ఒక కొలత కావు. వాటితో పిల్లలకు మందు పోయడం నాకు బొత్తిగా నచ్చదు.

ఇక మీ అత్తగారి లెక్క. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. సోల అన్ని ఊళ్ళలో ఒకే పరిమాణం కాదు, కానీ పాలతాలికలకు ఆ బెంగ అక్కర్లేదు. ఆవిడ పిండి, పాలు, నెయ్యి అన్నీ ఒకే వరుస కొలతల్లో రాశారు. మీ 240 మి.లీ. కప్పే సోల అనుకోండి. కప్పు పిండికి రెండు కప్పుల పాలు, పావు కప్పు నెయ్యి, అంటే నాలుగు టేబుల్ స్పూన్లు. నెయ్యి కరిగించి కొలవండి. ఈ చలికి పేరుకున్న నెయ్యి చెంచా మీద గోపురంలా నిలబడుతుంది.