మాబ్‌లో కూర్చోబోతున్న మేనల్లుడికి

జనవరి 2007

చిరంజీవి కిరణ్‌కి మావయ్య ఆశీస్సులు.

అమెరికాలో ఎన్‌బీసీ టీవీ వాళ్ళ క్విజ్ షో ‘వన్ వర్సెస్ హండ్రెడ్’లో, ఒక్కరితో పోటీపడే నూరుమంది గుంపుకి, అంటే మాబ్‌కి, ఎంపికయ్యావని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఆ నూరుమందిలో నేనూ కూర్చుని వచ్చినవాణ్ణే కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి తేల్చుకో. ఎదురుగా నిలబడే ఆ ఒక్కరూ తప్పు చెబితేనే మాబ్‌కి డబ్బు. అప్పటిదాకా పోగైన మొత్తాన్ని మాబ్‌లో తప్పు చెప్పకుండా మిగిలినవాళ్ళు సమానంగా పంచుకుంటారు. ఆయన ‘చాలు’ అని తీసుకుని వెళ్ళిపోతే మనకి చప్పట్లు కొట్టే పని మాత్రమే. 2004లో ‘జెపర్డీ’ అనే క్విజ్ షోలో వరసగా 74 ఆటలు గెలిచి పాతిక లక్షల డాలర్లు పట్టుకెళ్ళిన కెన్ జెన్నింగ్స్ కూడా ఈ మాబ్‌లో కూర్చున్నాడు. చివరికి అతని వాటా 714 డాలర్ల 29 సెంట్లు! 35,000 డాలర్లని 49 మంది పంచుకుంటే అంతే మరి. పైగా ఆరువందలు దాటితే ట్యాక్స్ ఫారం ఇంటికొస్తుంది. కొత్త కారు లెక్కలు ఇప్పుడే వేయకు.

అసలు కష్టం ప్రతి ప్రశ్నకీ మాబ్‌కి ఇచ్చే ఆరు సెకన్లది. ఆ ఒక్కరికీ ఆలోచించుకునే తీరిక ఉంటుంది, మనకి ఉండదు. ప్రశ్నతో పాటే మూడు జవాబుల మీదా కళ్ళు పరిగెత్తాలి. తెలియకపోయినా ఏదో ఒకటి నొక్కెయ్. ఖాళీగా వదిలేసే కంటే మూడింట ఒక వంతు అవకాశం మేలు కదా.

ఇంకో మాట చెబితే నీకు కోపం వస్తుందేమో. కాలేజీలో క్విజ్ కప్పులు తెచ్చిన నీ తెలివి మొదటి ప్రశ్నల్లో పనికిరాదు. రాజధానులు, నదులు, నోబెల్ బహుమతులు తర్వాతి మాట. ముందు వచ్చేవి పొద్దున్నే పాలలో వేసుకు తినే సీరియల్ డబ్బా మీది బొమ్మలు, పాత టీవీ ప్రకటనలు, ఇక్కడి పిల్లలు అన్నం తింటూ నేర్చుకునే పాటలు. ఇక్కడ పుట్టినవాళ్ళు చూడకుండా నొక్కేస్తారు. పెద్దయ్యాక విమానం దిగిన మనలాంటివాళ్ళం అక్కడే బోల్తా పడతాం. అందుకని ఈ కొద్ది రోజులూ ఎన్‌సైక్లోపీడియా పక్కన పెట్టు. లంచ్‌లో ఆఫీసులో పక్క సీటు అతన్ని చిన్నప్పుడు ఏ కార్టూన్లు చూశావని అడుగు. సరుకులకి వెళ్ళినప్పుడు బిల్లు కౌంటర్ దగ్గరుండే మ్యాగజీన్లు తిరగెయ్. సినిమా తారల పెళ్ళిళ్ళు, విడాకులు అన్నీ అందులోనే ఉంటాయి. బేస్‌బాల్ మాటలు కూడా కొన్ని నేర్చుకో, ఆట అర్థం కాకపోయినా ఫరవాలేదు.

ఆ ఒక్కరూ ‘ఆస్క్ ద మాబ్’ అనే సాయం వాడితే, మాబ్‌లో సరిగ్గా చెప్పినవారొకరు, తప్పు చెప్పినవారొకరు లేచి తమ జవాబుకి కారణం చెప్పాలి. ఆ సరైన జవాబు నీదే అయితే భలే ఇరకాటం. నువ్వు ఎంత బాగా నచ్చచెబితే నీ డబ్బు అంత దూరమవుతుంది. నేనైతే నటించొద్దనే అంటాను. ఎందుకు నొక్కావో రెండు వాక్యాల్లో చెప్పి కూర్చో. దేశమంతా చూస్తుంది, మీ ఆఫీసు కూడా.

చిన్న విషయాలు: సన్న గీతల చొక్కా, కంపెనీ పేరున్న టీ షర్టు వద్దు. కడుపునిండా తిని వెళ్ళు, షూటింగ్ సాగుతూనే ఉంటుంది. మన ఇంటిపేరు ఎలా పలకాలో ఇంగ్లీషులో విడగొట్టి ముందే రాసివ్వు, లేకపోతే షో నడిపే బాబ్ సాగెట్ దానితో ఓ జోకు వేస్తాడు. ఆట చివరిదాకా నిలబడితే తర్వాతి ఆటకీ కూర్చోబెడతారు, కాబట్టి రెండో చొక్కా కూడా సంచిలో పెట్టుకో.

అక్కకి మాత్రం నువ్వే చెప్పు. ‘మావాడు పది లక్షల డాలర్ల షోకి వెళ్తున్నాడు’ అని అప్పుడే బంధువులందరికీ ఫోన్లు చేస్తోంది. ఆ పది లక్షలు నూరుమందినీ ఓడించిన ఆ ఒక్కరికని నేను చెబితే నమ్మట్లేదు.

మీ మావయ్య